వేడెక్కాక సెల్ఫ్ తిరగని పాత మారుతి 800: మోటారు మార్చే ముందు ఎర్త్ వైరు చూడండి

మీ 1996 నాటి కార్బ్యురేటర్ మారుతి 800 ఉదయం వెంటనే స్టార్ట్ అవుతోందని, ఎండలో కాసేపు నడిపి ఆపాక మాత్రం తాళం తిప్పితే 'టక్'మని ఊరుకుంటోందని, కొత్త బ్యాటరీ వేయించినా మార్పు లేకపోవడంతో మెకానిక్ సెల్ఫ్ మోటారు మార్చమంటున్నారని రాశారు. దయచేసి ఇప్పుడే ఆ ఖర్చు పెట్టకండి. అదే కాలపు మారుతి 800 మా ఇంట్లోనూ ఉంది. సరిగ్గా ఇవే లక్షణాలు కనిపించినప్పుడు చివరికి తేలిన కారణం మోటారు కాదు, బ్యాటరీ మైనస్ నుంచి గేరుబాక్సుకు వెళ్లే ఎర్త్ వైరు.

సెల్ఫ్ తిరగకపోవడం వేరు, సెల్ఫ్ తిరుగుతున్నా ఇంజను అందుకోకపోవడం వేరు. మీది మొదటి రకం కాబట్టి ప్లగ్గులు, కార్బ్యురేటర్, పెట్రోలు పంపు జోలికి వెళ్లనక్కరలేదు.

ఇబ్బంది పెడుతున్న సమయంలోనే, అంటే ఇంజను వేడిగా ఉన్నప్పుడే, మల్టీమీటరుతో పరీక్షించాలి. గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేకు వేసి, ఇంజను అందుకోకుండా ఇగ్నిషన్ కాయిల్‌కు వచ్చే సన్న వైరు తీసేయండి. పూర్తిగా ఛార్జ్ అయిన బ్యాటరీ, కారులో ఏదీ వాడనప్పుడు, దాదాపు 12.6 వోల్టులు చూపాలి, సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కంటే కిందికి పడకూడదు. తర్వాత మీటరు ఒక కొనను బ్యాటరీ మైనస్ పోస్టుకు, రెండో కొనను ఇంజను మీద రంగు లేని లోహానికి ఆనించి, మరొకరిని తాళం తిప్పమనండి. అర వోల్టు దాటి చూపితే ఎర్త్ దారిలోనే లోపం ఉన్నట్టు. మా కారులో అది 1.4 వోల్టులు చూపింది. వైరు తొడుగు పైకి చక్కగానే ఉంది గానీ, లగ్గు (వైరు చివర బోల్టు కింద బిగించే లోహపు కొన) దగ్గర బ్లేడుతో చీల్చి చూస్తే రాగి పోగులు ఆకుపచ్చగా మారి, వేళ్లతో నలిపితే పొడిగా రాలాయి. కొత్త బ్యాటరీ వేసినప్పుడు కూడా దానికి ఈ పాత వైరునే బిగిస్తారు కాబట్టి మీకు తేడా కనిపించలేదేమో. వేడికి రాగి నిరోధం పెరుగుతుంది, అప్పటికే బలహీనపడిన అతుకు ఇంకా వదులవుతుంది. ఉదయం ఎలాగో నెట్టుకొచ్చిన వైరు మధ్యాహ్నానికి చేతులెత్తేయడానికి కారణం ఇదే. వైరు మార్చి, బోల్టు కూర్చునే చోటును గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్దాక మీటరు 0.2కి దిగింది.

ఎర్త్ బాగానే ఉంటే, ఇదే పరీక్షను బ్యాటరీ ప్లస్ నుంచి సెల్ఫ్ మీది లావు వైరు బోల్టు వరకు చేయండి. రెండు వైపులా మీటరు దాదాపు సున్నా చూపుతూ, బ్యాటరీ 12 వోల్టుల దగ్గరే నిలిచి, 'టక్' శబ్దం మాత్రమే వస్తుంటే సోలినాయిడ్ (తాళం తిప్పగానే సెల్ఫ్ మోటారుకు కరెంటు కలిపే స్విచ్చు) లోపలి కాంటాక్టులు కాలిపోయి ఉండవచ్చు. అప్పుడు కూడా మొత్తం మోటారు కొనవలసిన అవసరం లేదు, సోలినాయిడ్ విడిగా దొరుకుతుంది.