దూది అక్కర్లేని చలికాలం

తిరుపతి,
మార్గశిర మాసం

చిరంజీవి అమ్మణ్ణికి, మీ అత్త ఆశీస్సులు.

ఫోనులో చెబితే సగం గాలికి పోతుందని కాగితం మీద పెడుతున్నా. ఆరు నుంచి ఎనిమిది తరగతులకు, అన్ని సబ్జెక్టులూ కలిసొచ్చేట్టు చలికాలం మీద ఏదైనా చేయించమని మీ హెడ్మాస్టరు గారు అడిగారన్నావు. దూదితో మంచుమనిషి, తెల్లకాగితం కత్తిరించి మంచుపూలు, ఎర్రటోపీ బొమ్మలు చేయిద్దామనుకుంటున్నానని కూడా అన్నావు. దూది కొనకమ్మా. పాకాల పిల్లోడికి తెలిసిన చలి అది కాదు. వాడి చలి కొబ్బరినూనె సీసాలో ఉంది, అనపచిక్కుడు కాయల మూటలో ఉంది, తెల్లారి చెరువు మీద లేచే పొగమంచులో ఉంది. దాన్ని తరగతిలోకి తెచ్చుకుంటే చాలు. చూడని మంచును అతికించి నేర్పేది చేతిపనే గానీ పాఠం కాదు.

ముందు ఒక పొడుగు నోటుబుక్కు కొను. అట్ట మీద ‘చలి పుస్తకం’ అని పిల్లలతోనే రాయించు. ఏ సబ్జెక్టు టీచరైనా దాంట్లోంచే తీసుకోవాలి, దాంట్లోకే రాయించాలి. లేకపోతే తెలుగు సారు ఒక చార్టు, లెక్కల మేడం ఒక చార్టు వేయించి గోడకు కొడతారు, సంక్రాంతి సెలవులకు అవి చెదలకు పోతాయి.

దాంట్లో రోజూ పడాల్సినవి నాలుగే: ప్రేయరు వేళ ఎండ తగలని చోట ఉష్ణోగ్రత, పంచాంగంలో చూసి సూర్యోదయం సూర్యాస్తమయం, మధ్యాహ్నం కర్ర నీడ, పొద్దున వస్తూ చూసినది ఒక్క వాక్యం. థర్మామీటరు ప్రయోగశాలది వాడు. ఎవరో ఒకరు ఇంట్లో జ్వరం చూసేది తెస్తారు, అది 35 డిగ్రీల కింద ఏమీ చూపించదు. పాదరసం ఉన్నది పిల్లల చేతికివ్వకు, ఎర్రరంగు ద్రవం ఉన్నదే మేలు.

కర్ర నీడ సంగతి కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే మొత్తం పనిలో నాకు బాగా ఇష్టమైంది అదే. సరిగ్గా ఒక మీటరు కర్రను గ్రౌండులో నిటారుగా పాతించు. డిసెంబరు 21 ప్రాంతంలో మధ్యాహ్నం అన్నిటికన్నా పొట్టి నీడ మన దగ్గర దాదాపు 75 సెంటీమీటర్లు వస్తుంది, ఉత్తరం వైపు పడుతుంది. అదే కర్రకు జూన్ 21న నీడ 17, 18 సెంటీమీటర్లే, అదీ దక్షిణం వైపు! అప్పుడు సూర్యుడు మన నడినెత్తి దాటి ఉత్తరానికి పోయుంటాడు. ఇప్పుడు కొలిచింది దాచిపెట్టి, జూన్‌లో బడి తెరిచాక అదే పిల్లలతో మళ్లీ కొలిపించు. భూమి అక్షం 23.5 డిగ్రీలు వాలి ఉందని పుస్తకంలో చదివితే పరీక్షకు పనికొస్తుంది, నీడ అటునుంచి ఇటు తిరగడం చూస్తే జన్మంతా గుర్తుంటుంది.

ఇంకో మెలిక ఉంది. పొట్టి నీడ సరిగ్గా 12 గంటలకు పడదు. మన గడియారం 82.5 డిగ్రీల రేఖాంశానిది, మనం 79 డిగ్రీల పైచిలుకులో ఉన్నాం, అందుకని డిసెంబరు 21న అది దాదాపు 12.10కి పడుతుంది. సంక్రాంతికి 12.20 దాటుతుంది. ‘గడియారం అదే, కర్ర అదే, మరి పది నిమిషాలు ఎక్కడికి పోయాయి?’ అని అడుగు. వెంటనే జవాబు చెప్పకు. పంచాంగంలో సూర్యోదయాలు రాసిన పిల్లలే ఇంకో తిరకాసు పట్టుకొస్తారు: అతి చిన్న పగలు డిసెంబరు 21 ప్రాంతంలో అయితే, పొద్దు అన్నిటికన్నా ఆలస్యంగా పొడిచేది జనవరి మూడో నాలుగో వారంలో, త్వరగా కుంకేది నవంబరు మూడో నాలుగో వారంలోనే. ఆ రెండు చిక్కులకూ విప్పు ఒక్కటే. భూమి వాలి ఉండటం వల్లా, జనవరి మొదట్లో సూర్యుడికి దగ్గరగా ఉండి వేగంగా తిరగడం వల్లా ఈ రోజుల్లో సూర్యుడి మధ్యాహ్నం గడియారం మీద రోజుకు కొన్ని సెకన్లు ఆలస్యమవుతూ పోతుంది. దగ్గర అన్నాను కదా, ఎనిమిదో తరగతి వాళ్లు లేస్తారు చూడు: ‘దగ్గరుంటే చలెందుకు మేడం?’ జనవరిలో దూరం దాదాపు 14 కోట్ల 71 లక్షల కిలోమీటర్లు, జూలైలో 15 కోట్ల 21 లక్షలు. ఆ తేడా చలిని ఆపలేదు, వాలు తెచ్చే తేడా అంత పెద్దది. చలి కిరణాల వాలులోనూ పగటి నిడివిలోనూ ఉంది గానీ దూరంలో లేదని వాళ్ల నోటితోనే రావాలి.

పగటి నిడివి లెక్క కట్టించు. మన దగ్గర అతి చిన్న పగలు దాదాపు 11 గంటల 20 నిమిషాలు, జూన్‌లో అతి పెద్దది 12 గంటల 55 నిమిషాల చిల్లర. గంటన్నర పైన తేడా. ‘పుష్యమాసంలో పూసలు గుచ్చినంత పొద్దుండదు’ అన్న సామెత తెలుగు పిరియడ్‌లో అప్పుడు తియ్యాలి, అంకెలు చేతిలో పెట్టుకుని. ‘మాఘమాసంలో మాకులు వణుకుతాయి’, ‘శివరాత్రికి చలి శివశివా అని పోతుంది’ కూడా ఇచ్చి, ఇవి నిజమేనా అని చలి పుస్తకంతో సరిచూడమను. శివరాత్రి వరకూ ఉష్ణోగ్రత రాస్తే గానీ మూడోది తేలదు. తేలనీ, తొందరేముంది.

సైన్సు నీదే కాబట్టి ప్రయోగాలు నువ్వే ఎంచుకో, నేను మూడు చెప్తాను. కొబ్బరినూనె 24, 25 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. చిన్న సీసా కిటికీలో పెట్టి, గడ్డకట్టిన పొద్దుల్లో ఉష్ణోగ్రత ఎంతుందో రాయించు. పదిరోజుల్లో ఆ అంకె వాళ్లే చెబుతారు. రెండోది కంబళి. ‘కంబళి వేడి ఇస్తుందా?’ అని చేతులెత్తించు, అందరూ ఎత్తుతారు. థర్మామీటరును కంబళిలో చుట్టి పావుగంట పెట్టు, అంకె కదలదు. అప్పుడు అదే కంబళిని ఒక పిల్లోడికి కప్పి, లోపల చూడు. మూడోది పెరుగు. ఒకే పాలు, ఒకే తోడు, మూడు గిన్నెలు: ఒకటి కిటికీలో, ఒకటి గుడ్డలో చుట్టి, ఒకటి గోరువెచ్చని నీళ్ల గిన్నెలో. ఏది ముందు తోడుకుంటుందో గంటగంటకూ చూడాలి. దోసెపిండి పొంగక మీ అమ్మ పొయ్యి పక్కన పెట్టే పనికీ ఇదే కారణం, సూక్ష్మజీవులకు వెచ్చదనం కావాలి. ఇనుప బెంచీ కాలు, చెక్కబల్ల రెండూ ముట్టించి, థర్మామీటరు ఆనించి చూపడం కూడా మరువకు. రెండింటి ఉష్ణోగ్రతా ఒకటే, చేతికి మాత్రం ఇనుమే చల్లన.

లెక్కలకు ముగ్గు ఉండగా వేరే ఏం వెతుకుతావు? ధనుర్మాసం పట్టాక ఇంటింటి ముందూ ఉంటుంది. సందు చుక్క తీసుకో, అంటే పై వరస చుక్కల సందుల్లో కింది వరస చుక్క. 3 నుంచి 2 అంటే 2, 3, 2, మొత్తం 7 చుక్కలు. 5 నుంచి 3 అయితే 19. 7 నుంచి 4 అయితే 37. 9 నుంచి 5 అయితే 61. ఒక్కో తేడా చూడమను: 12, 18, 24. ఆరేసి పెరుగుతోంది. 15 నుంచి 8 వేస్తే ఎన్ని చుక్కలో లెక్కపెట్టకుండా చెప్పమను, 169 రావాలి. అసలు సొగసు దీని తర్వాత ఉంది. నడిమి చుక్క ఒక్కటి మొదలుపెట్టి కూడుతూ పో: 1, 1+7=8, 8+19=27, 27+37=64, 64+61=125. ఘనాలు! 2, 3, 4, 5ల ఘనాలు. ఎనిమిదో తరగతి వాళ్లకు ఇది దొరికిన రోజు గంట కొట్టినా లేవరు. వీలైతే పాచికల్లాంటి చెక్కముక్కలు పేర్చి ఘనం కట్టి, దాన్ని మూలలోంచి చూస్తే ముగ్గు ఎలా కనబడుతుందో చూపించు. చుక్కకు ఎదురుగా చుక్క పెట్టే ఎదురు చుక్క వేరే కథ, 7 నుంచి 1 వరకు (1, 3, 5, 7, 5, 3, 1) 25 చుక్కలే. ఎందుకు తగ్గిందో వాళ్లనే తేల్చనీ. ఒక్క మాట: ముగ్గు ఆడపిల్లల పని అని మగపిల్లలు పక్కకు జరుగుతారు, జరగనీయకు. పీరూ, జాన్ కూడా చుక్కలు పెట్టాలి, ఇది పూజ కాదు, లెక్క.

సోషల్ సారుకు రెండు పనులు అప్పగించు. ఒకటి ఎత్తు. తిరుపతి దాదాపు 160 మీటర్లు, తిరుమల దాదాపు 850, హార్సిలీ హిల్స్ 1,200 పైన. వెయ్యి మీటర్లకు సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతాయన్న లెక్కన తిరుమల కింది ఊరికన్నా నాలుగున్నర డిగ్రీలు చల్లగా ఉండాలి. కొండ మీద పనిచేసే తల్లిదండ్రులు ఉంటే, పొద్దున అక్కడి అంకె ఫోనులో అడిగి సరిచూస్తారు. రెండోది వాన. రాష్ట్రంలో చాలా చోట్ల నవంబరుకు ఆకాశం తేరుకుంటే మనకు అప్పుడే ఈశాన్య రుతుపవనాలు. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులైనప్పుడు, రాయలచెరువు తెగుతుందేమోనని కింది ఊళ్లు ఖాళీ చేసినప్పుడు ఈ పిల్లలు చిన్నవాళ్లు, ఇంట్లో పెద్దలను అడిగి రాసుకురమ్మను. మీ పక్కనే గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది, గాలి కదలికలను రాడార్‌తో చూస్తారు. హెడ్మాస్టరు గారి చేత ముందుగా ఉత్తరం రాయించి అడగడంలో తప్పు లేదు.

ఇంగ్లీషుకు మంచుమనిషి పద్యాలు ఎలాగూ పుస్తకంలో ఉంటాయి, చదవనీ. రాసేది మాత్రం వాళ్ల ఊరి పొద్దు గురించే రాయాలి: ఫాగ్, డ్యూ, బ్లాంకెట్, బాన్‌ఫైర్ అన్న మాటలిచ్చి ఐదు వాక్యాలు. డ్రాయింగులో ఫోటోకాపీ బొమ్మకు రంగులు వేయించవద్దు. పెన్సిలు గీతను వేలితో చెరిపితే పొగమంచు వస్తుంది, ఆ కిటుకు చాలు. ఆటల పిరియడ్‌లో పరిగెత్తక ముందు, తర్వాత నాడి లెక్కపెట్టించు.

తెలుగులో పెద్ద పని ఒకటే పెట్టు: తెల్లవారుజామున నాలుగింటికే లేచే మనిషిని ఒకరిని పలకరించి ఒక పేజీ రాసుకురావడం. పాలు పితికేవాళ్లు, పూలు కోసేవాళ్లు, చెరకు కొట్టేవాళ్లు, వీధులూడ్చేవాళ్లు. చాలామంది వాళ్ల అమ్మానాన్నల గురించే రాస్తారు, అంతకంటే ఏం కావాలి.

ఇప్పుడు వద్దన్న మాట ఒకటి వినాలి. ‘స్వెటర్ల రోజు’ పెట్టొద్దు. టౌను ప్రైవేటు బడుల్లో చూసి నీకూ అనిపించొచ్చు. మీ తరగతిలో స్వెటరు లేని పిల్లలు ఎందరో నీకు తెలియదు, ఆ రోజు అందరికీ తెలిసిపోతుంది. చలి మంట కూడా బళ్లో వద్దు. భోగికి వాళ్లు ఇంట్లో వేసుకుంటారు, టైర్లూ ప్లాస్టిక్కూ కాల్చొద్దని మాత్రం గట్టిగా చెప్పు, ఆయాసం ఉన్న పిల్లలకు ఆ పొగ అసలు పనికిరాదు.

ఇక అనపకాయలు. చిత్తూరు జిల్లాలో పుట్టి చలికాలం పాఠం అనపకాయ లేకుండా చెప్పిస్తే నేను ఊరుకోను! నాటు అనప రాత్రి నిడివి పెరిగితేనే పూతకొస్తుంది. ఇప్పుడు అన్ని కాలాల్లో కాసే రకాలు వచ్చాయి గానీ, మంచు పడ్డ కాయకున్న వాసన వాటికి లేదని మా అమ్మ అనేది, నేనూ అదే అంటాను. చామంతీ అంతే, పొద్దు తగ్గితే పూస్తుంది. మామిడికి చల్లని రాత్రులు కావాలి పూత రావడానికి. మామిడి తోటల పిల్లలు తేనెమంచు పురుగు సంగతి నీకే చెబుతారు, విను. ఒక రోజు కిలో కాయలు తెప్పించి తూచు. వలిచి గింజలు తూచు. రాత్రంతా నానబెట్టి, మర్నాడు పితికి పప్పు తూచు. నీళ్లు పీల్చి గింజ బరువు పెరుగుతుంది, తొక్క పోయి తగ్గుతుంది, మూడు తూకాల మీద భిన్నాలూ శాతాలూ పిరియడ్ అంతా చేసుకోవచ్చు. పితికిన పప్పును మధ్యాహ్న భోజనం వండే ఆవిడకు ముందే చెప్పి ఇవ్వు, ఆవిడ పని పెంచుతున్నాం కాబట్టి పిల్లలతో వలిపించే పంపాలి.

సెలవులు అయ్యాక, జనవరి చివర్లో వీలైతే నేలపట్టు పక్షుల కేంద్రానికి తీసుకెళ్లు. గూడబాతులు గూళ్లలో పిల్లలతో ఉంటాయి, పక్కన పులికాట్ సరస్సులో రాజహంసలు మార్చి దాకా కనిపిస్తాయి. పొద్దున్నే బయల్దేరితే సాయంత్రానికి తిరిగి రావచ్చు. బస్సు ఖర్చు పిల్లల మీద వేయకు, హెడ్మాస్టరు గారితో, తల్లిదండ్రుల కమిటీతో ఇప్పుడే మాట్లాడి పెట్టుకో. దుర్భిణి నా దగ్గర ఒకటుంది, ఆదివారం మీ నాన్న వస్తే పంపిస్తాను.

ఇట్లు,
మీ అత్త