నడుముకు తుపాకీ: కనబడేలా కట్టాలా, చొక్కా కింద దాచాలా?

మీ ప్రశ్న – మా సమాధానం

ప్రశ్న: మాది మిర్యాలగూడ. తాతల నాటి నుంచి వడ్ల వ్యాపారం. కోతల కాలంలో రైతులకు, హమాలీలకు ఇవ్వవలసిన సొమ్ము వెంట పెట్టుకొని చీకటి పడిన తరువాత కూడా ఊళ్ల మీదుగా తిరగవలసి వస్తుంది. ఆత్మరక్షణ కోసం రివాల్వరు లైసెన్సుకు దరఖాస్తు చేయాలని అనుకుంటున్నాను. టెక్సస్‌లో ఉండే మా అల్లుడు, అక్కడ తుపాకీని అందరికీ కనబడేలా నడుముకు కట్టుకోవచ్చునని, దానిని చూసిన దొంగ దగ్గరికే రాడని అంటున్నాడు. మా తమ్ముడు మాత్రం దాచి పెట్టుకుంటేనే ప్రయోజనమని వాదిస్తున్నాడు. ఎవరి మాట సరైనది?
— ఒక పాఠకుడు, మిర్యాలగూడ

సమాధానం: చట్టం ప్రకారం మీ తమ్ముడి మాటే నిలుస్తుంది. మన దేశంలో ఇది లైసెన్సుదారు ఇష్టానికి వదిలిపెట్టిన విషయం కాదు. 1959 నాటి ఆయుధాల చట్టం కింద కేంద్ర ప్రభుత్వం 2016లో చేసిన నియమాలలో 32వది, పిస్టలును గాని రివాల్వరును గాని బహిరంగ స్థలంలోకి తీసుకువెళ్లే వ్యక్తి దానిని ఒంటికి కట్టుకున్న ఒరలోనో, అటువంటి సంచిలోనో ఉంచాలని, అది పూర్తిగా కప్పబడి ఉండాలని, అంతటితో ఆగక అది ఎల్లవేళలా అతని అదుపులో ఉండాలని చెబుతున్నది. నలుగురిలో తుపాకీ తీసి ఝళిపించడం కూడా నిషిద్ధమే. పెళ్లి బరాత్‌లో గాలిలోకి కాల్చిన వాడి లైసెన్సు రద్దు కావచ్చు. ఇతరుల ప్రాణానికి ముప్పు కలిగేలా కాల్చితే 2019లో చేసిన సవరణ ప్రకారం రెండేళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. కాబట్టి మోటారు సైకిలు మీద చొక్కా గాలికి లేచి ఒర బయటపడడాన్ని చిన్న విషయంగా తీసుకోకండి. సీటు కింద డబ్బాలో గాని, కారు డిక్కీలో గాని వదిలేసి టీ తాగడానికి దిగడం అంతకన్నా ప్రమాదం, ఎందుకంటే అప్పుడు తుపాకీ కప్పబడి ఉన్నది గాని మీ అదుపులో లేదు.

మీ అల్లుడు చెప్పినది అబద్ధం కాదు, అయితే సగమే చెప్పాడు. అమెరికాలో ఈ విషయం రాష్ట్రానికొక తీరుగా ఉంటుంది. టెక్సస్‌లో లైసెన్సు ఉన్నవారు పిస్టలును బయటికి కనబడేలా ధరించడానికి అనుమతి వచ్చింది 2016 జనవరి 1 నుంచి మాత్రమే. 2021 సెప్టెంబరు నుంచి అర్హత ఉన్న, 21 ఏళ్లు నిండిన వారికి లైసెన్సు అవసరం కూడా లేకుండా చేశారు. ఇల్లినాయ్‌లో దాచి పెట్టుకోవడానికి లైసెన్సు ఇస్తారు, కనబడేలా తిరగనివ్వరు. కాలిఫోర్నియాలో 1967లో, నల్లజాతి వారి హక్కుల కోసం పోరాడిన బ్లాక్ పాంథర్ పార్టీ వారు తూటాలు నింపిన తుపాకులు పట్టుకొని పోలీసుల వెంట బహిరంగంగా గస్తీ తిరగడం మొదలుపెట్టినప్పుడు, అప్పటి వరకు ఆ విషయాన్ని పట్టించుకోని శాసనసభ దానిని నిషేధిస్తూ వెంటనే చట్టం చేసింది. కనబడే తుపాకీ అది ఎవరి చేతిలో ఉన్నదనే దానిని బట్టి ఒకరికి ధైర్యాన్ని, మరొకరికి భయాన్ని కలిగిస్తుందనడానికి అంతకన్నా ఉదాహరణ అక్కరలేదు. ఆ టెక్సస్‌లోనే దుకాణదారులు, హోటళ్ల వారు గుమ్మం దగ్గర రెండు రకాల బోర్డులు పెట్టుకోవచ్చు: 30.06 అంకె ఉన్నది దాచిన తుపాకీని, 30.07 అంకె ఉన్నది కనబడే తుపాకీని లోపలికి రానివ్వనని చెప్పడానికి. రెండవ బోర్డును మాత్రమే పెట్టి, దాచినదాని జోలికి పోని యజమానులు కూడా ఉన్నారు. తుపాకీ ఉన్న సంగతి పక్కవాడికి తెలియకపోతే వ్యాపారానికి నష్టం లేదన్నది వారి లెక్క.

ఇక చట్టాన్ని పక్కన పెట్టి, కనబడే తుపాకీ నిజంగా రక్షిస్తుందా అన్న ప్రశ్నను చూద్దాం. దానిని సమర్థించేవారి వాదన సూటిగా ఉంటుంది: దొంగ తేలికైన మనిషిని వెదుకుతాడు, ఆయుధం ఉన్నవాడిని వదిలేస్తాడు, తుపాకీ తీయవలసిన అవసరమే రాకుండా పని జరిగిపోతుంది. అప్పటికప్పుడు ఆశపడి చేయి చాచే దొంగ విషయంలో ఇది నిజమే కావచ్చు. అయితే మీరు భయపడుతున్నది అటువంటి వాడి గురించి కాదు. ఎవరు ఏ రోజు ఎంత సొమ్ముతో ఏ దారిన వస్తారో ముందే కనిపెట్టి, ఇద్దరు ముగ్గురు కలిసి వచ్చేవారికి మీ నడుము మీది రివాల్వరు హెచ్చరిక కాదు, సమాచారం. మొదట ఎవరి చేతులు పట్టుకోవాలో, ఎవరి కళ్లలో కారం కొట్టాలో అది చెబుతుంది. చేనులో దిష్టిబొమ్మను చూసి కొత్త పిట్ట బెదురుతుంది. అలవాటుపడిన పిట్ట దాని తల మీదే వాలుతుంది. పైగా సొమ్ముతో పాటు రివాల్వరు కూడా దొంగకు విలువైన వస్తువే. దొంగ బజారులో దానికి గిరాకీ ఎప్పుడూ ఉంటుంది, పోయిన తరువాత అది ఎక్కడ పేలినా పోలీసులు మొదట వచ్చేది మీ గుమ్మానికే.

దాచి పెట్టుకోవడంలో ఇబ్బంది లేకపోలేదు, మీ తమ్ముడు దానిని కూడా ఆలోచించాలి. అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీ పోలీసు అధికారి డెన్నిస్ ట్యూలర్ 1983లో రాసిన వ్యాసం ఒకటి శిక్షకులందరికీ తెలుసు. కత్తి పట్టుకొని పరుగెత్తుకొచ్చే మనిషి 21 అడుగుల దూరాన్ని సుమారు ఒకటిన్నర సెకనులో దాటగలడని, ఒరలో ఉన్న తుపాకీని తీసి గురిచూసి కాల్చడానికి శిక్షణ పొందిన పోలీసుకు కూడా దాదాపు అంతే సమయం పడుతుందని ఆయన చూపాడు. ఆ పోలీసు ఒర నడుము మీద తెరిచి ఉంటుంది. మీది చొక్కా కింద, దాని మీద చలికాలంలో స్వెటరు, భుజాన సంచి. బండి హ్యాండిలు వదిలి, చొక్కా ఎత్తి, రివాల్వరు తీసే లోపల ఎదుటివాడు మీ మీద పడతాడు. నిత్యం సాధన చేయనివాడికి దాచిన తుపాకీ మనసుకు ధైర్యమే తప్ప చేతికి అందే ఆయుధం కాదు.

మన పట్టణాలకు ప్రత్యేకమైన చిక్కు ఇంకొకటి ఉన్నది. దాచడం వల్ల కలిగే ప్రయోజనమంతా ఎవరికీ తెలియకపోవడంలోనే ఉన్నది. మిర్యాలగూడలో ఒక మిల్లు యజమానికి రివాల్వరు లైసెన్సు వచ్చిన సంగతి మార్కెట్ యార్డుకు చేరడానికి ఒక పూట చాలు. మనవాళ్లలో చాలామంది లైసెన్సు కోసం తిరిగేది ప్రాణరక్షణ కన్నా హోదా కోసమే అన్నది నా అభిప్రాయం, అటువంటివారే విందుల్లో రివాల్వరు తీసి బల్ల మీద పెడతారు. మీరు నిజంగా రక్షణ కోసమే తీసుకోదలచుకుంటే ఇంటివారికి తప్ప గుమాస్తాకు, డ్రైవరుకు, వియ్యంకుడికి కూడా చెప్పకండి. అల్లుడికి ఇప్పటికే చెప్పారు కాబట్టి ఆయనను కూడా మాట బయటపెట్టవద్దనండి.

దరఖాస్తు కలెక్టరు గారికి చేయాలి. పోలీసు విచారణ జరుగుతుంది, మీ వృత్తి వల్ల ప్రాణానికి గాని ఆస్తికి గాని ముప్పు నిజంగా ఉన్నదని చూపాలి, తుపాకీ భద్రత గురించి శిక్షణ పొందినట్లు ధ్రువపత్రం కావాలి, ఇంట్లో దానిని భద్రపరిచే ఏర్పాటు గురించి హామీ ఇవ్వాలి. సినిమాల్లో చూసే 9 ఎంఎం పిస్టలు సామాన్యులకు దొరకదు, అది నిషిద్ధ బోరు (బోరు అంటే గొట్టం లోపలి కొలత). మనకు అనుమతి ఉన్నది .32 బోరు వంటి వాటికి. లైసెన్సు ఐదేళ్లు చెల్లుతుంది. ఎన్నికల నియమావళి అమలులోకి వచ్చినప్పుడు తుపాకీని ఠాణాలో అప్పగించమని ఆదేశం వస్తే, అప్పగించిన నాటి నుంచి తిరిగి తెచ్చుకునే వరకు అది లేకుండానే వ్యాపారం చేసుకోవలసి ఉంటుంది, వానాకాలం పంట చేతికొచ్చే రోజులతో అది కలిసి వచ్చినా సరే. లైసెన్సు లేకుండా దొంగ తుపాకీ కొనే ఆలోచన ఎవరైనా చెవిన వేస్తే, దానికి కనీస శిక్ష రెండేళ్లని గుర్తుంచుకోండి.

కాల్చే హక్కు గురించి కూడా చెప్పాలి. 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు సెక్షన్లు ఆత్మరక్షణకు సంబంధించినవి. ప్రాణం పోతుందనో, తీవ్రమైన గాయం తగులుతుందనో సహేతుకమైన భయం ఉన్నప్పుడు, దోపిడీ జరుగుతున్నప్పుడు, ఎదుటివాడి ప్రాణం తీయడం వరకు ఆ హక్కు విస్తరిస్తుంది. అయితే అవసరానికి మించిన హాని చేయరాదు, పోలీసుల సహాయం పొందే వ్యవధి ఉంటే ఆ హక్కే లేదు. సంచి లాక్కొని బండి మీద పారిపోతున్నవాడి వీపు మీద కాల్చి, ఆత్మరక్షణ అని కోర్టులో నిలబెట్టడం చాలా కష్టం. తుపాకీని తీసి చూపించినా, కాల్చినా, తరువాత ఎందుకు తీశావన్న ప్రశ్నకు జవాబు చెప్పుకోవలసినవారు మీరే.

నన్ను అడిగితే, మీరు మొదట మార్చుకోవలసినది సొమ్ము నడిచే తీరు. రైతులకు బ్యాంకు ఖాతాలోనే చెల్లించండి. ఒక మనిషి నుంచి ఒక రోజులో రెండు లక్షలు, అంతకు మించి నగదు తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ప్రకారం తీసుకున్నవాడికే జరిమానా తెచ్చిపెడుతుంది కాబట్టి ఇది మీ రైతుల మేలుకు కూడా చెప్పే మాటే. హమాలీల కూలీకి కావలసినంత నగదు మాత్రమే, పగటి పూట, రోజూ ఒకే వేళకు కాకుండా తెచ్చుకోండి. ఆ తరువాత కూడా భయం మిగిలి ఉంటే దరఖాస్తు చేయండి.

ప్రశ్న: బ్యాంకు ముందు నిలబడే గార్డు, నాయకుల వెంట తిరిగే గన్‌మన్ అందరికీ కనబడేలా తుపాకులు పట్టుకుంటారు. మాకు మాత్రం కప్పుకోవాలన్న నియమం ఎందుకు?
— ఒక పాఠకుడు, మహబూబ్‌నగర్

సమాధానం: నాయకుల వెంట ఉండే గన్‌మన్ సాధారణంగా పోలీసు ఉద్యోగి. ప్రభుత్వోద్యోగిగా విధి నిర్వహణలో అతడు ధరించే ఆయుధానికి ఆయుధాల చట్టమే వర్తించదు, 45వ సెక్షను దానిని మినహాయించింది. బ్యాంకు గార్డు పని ఒక చోటును కాపలా కాయడం. దొంగ వేరే చోటు చూసుకుంటే అతడి పని పూర్తయినట్లే, అందుకే అక్కడ తుపాకీ కనబడడంలో అర్థం ఉన్నది. మీరు బస్సులో, సంతలో, పెళ్లిలో తిరిగే మనిషి. అక్కడ కనబడే తుపాకీ బెదిరించేది దొంగనో, పక్కన కూర్చున్న ప్రయాణికుడినో ఎవరూ చెప్పలేరు.

ప్రశ్న: మా అబ్బాయి డల్లాస్‌లో ఎం.ఎస్. చదువుతూ రాత్రిపూట పని ముగించుకొని గదికి వస్తుంటాడు. స్నేహితులు తుపాకీ కొనుక్కోమంటున్నారట, అక్కడ లైసెన్సు కూడా అక్కరలేదట. దాచి పెట్టుకుంటే ఫరవాలేదా?
— ఒక తల్లి, జడ్చర్ల

సమాధానం: వద్దని గట్టిగా చెప్పండి, అమ్మా. టెక్సస్ రాష్ట్ర చట్టం లైసెన్సు అడగకపోవచ్చు. దాని పైన అమెరికా సమాఖ్య చట్టం ఉన్నది. విద్యార్థి వీసా మీద గాని, హెచ్-1బి వంటి తాత్కాలిక వీసా మీద గాని అక్కడ ఉన్నవారు తుపాకీని, తూటాలను కలిగి ఉండడమే నేరం. 2022 నుంచి దానికి శిక్ష 15 ఏళ్ల వరకు ఉండవచ్చు, దేశం నుంచి పంపించివేయడానికి కూడా అది కారణమవుతుంది. కనబడేలా పెట్టుకున్నాడా, దాచాడా అన్న తేడా అక్కడ పనికిరాదు. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవారికి ఒక మినహాయింపు ఉన్నది, స్నేహితులు చెప్పే ఉపాయం బహుశా అదే. రాత్రి దారిలో భయపడి తుపాకీ కోరుకునే విద్యార్థి దాని మీద ఆధారపడి కొనడానికి ముందు అక్కడి ఇమిగ్రేషన్ వకీలును అడగకుండా ఉండరాదు. సరదాకు షూటింగ్ రేంజికి వెళ్లి తుపాకీ అద్దెకు తీసుకోవడం కూడా కలిగి ఉండడం కిందికే వస్తుంది. గ్రీన్ కార్డు ఉన్నవారికి ఈ నిషేధం వర్తించదు, అందువల్ల గదిలో ఉండే మరొకరి దగ్గర చట్టబద్ధంగానే తుపాకీ ఉండవచ్చు. అలా ఉంటే అది వారి సొంత పెట్టెలో తాళం వేసి ఉండాలి, ఆ తాళపుచెవి మీ అబ్బాయి చేతికి అందే చోట ఉండకూడదు.