ఒరాకిల్ క్వెరీలు పోస్ట్‌గ్రెస్‌లో, మైఎస్‌క్యూఎల్‌లో కూడా నడవాలంటే ఫంక్షన్ల పేర్లు మారిస్తే సరిపోతుందా?

మీ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఒరాకిల్ డేటాబేస్ మీద రాశారు, ఇప్పుడు ఒక కస్టమర్ పోస్ట్‌గ్రెస్ అంటున్నారు, ఇంకొకరు మైఎస్‌క్యూఎల్ అంటున్నారు, పేర్లు ఫైండ్-రీప్లేస్ చేసేస్తే అయిపోతుందా అని కదా మీరు అడిగింది. అవదండీ. నేను మధురవాడలో ఉంటూ పోర్టు దగ్గర క్లియరింగ్ ఏజెంట్లకి, గాజువాక వైపు లారీ ఆఫీసులకి సాఫ్ట్‌వేర్ చేస్తుంటాను. మాకూ సరిగ్గా ఇదే పని పడింది.

ముందు ఒకటి తేల్చుకోండి. ఒరాకిల్‌ని పూర్తిగా వదిలేస్తున్నారా, లేక మూడింటి మీదా ఒకే కోడ్ నడవాలా? వదిలేసేటట్టయితే మూడింటికీ సరిపడేలా రాయాలని తాపత్రయపడకండి, పోస్ట్‌గ్రెస్‌లో ఉన్న సౌకర్యాలన్నీ వాడుకుంటూ దానికే రాసుకోండి. మూడింటి మీదా నడవాలంటేనే కింద చెప్పే గొడవంతా.

ఎర్రర్ ఇచ్చే క్వెరీల (డేటాబేస్‌ని డేటా అడిగే ఆదేశాల) గురించి నాకు పెద్ద బెంగ లేదు. ఎన్‌వీఎల్ బదులు కోయలెస్, డీకోడ్ బదులు కేస్, సిస్‌డేట్ బదులు కరెంట్ టైమ్‌స్టాంప్, బ్రాకెట్లో ప్లస్ పెట్టే పాత జాయిన్ బదులు లెఫ్ట్ జాయిన్ రాస్తే మూడూ ఒప్పుకుంటాయి. ఇందులోనూ రెండు మెలికలున్నాయి. డీకోడ్ రెండు నల్‌లని (నల్ అంటే విలువే లేకపోవడం) సమానమనుకుంటుంది, కేస్ అనుకోదు. దానికి ఈజ్ నల్ అని విడిగా రాయాలి. ఇక పాత జాయిన్‌లో కుడివైపు టేబుల్ మీద ప్లస్ గుర్తుతో పెట్టిన కండిషన్లు జాయిన్‌లోని ఆన్ (ON) భాగంలోకి వెళ్లాలి. వేర్ (WHERE)లో వదిలేశారో, లెఫ్ట్ జాయిన్ కాస్తా ఇన్నర్ జాయిన్ అయి కూర్చుంటుంది, అంటే కుడివైపు జోడీ లేని వరుసలు ఎగిరిపోతాయి.

అసలు తలనొప్పి ఎర్రర్ ఇవ్వకుండా నడిచిపోయి తప్పు లెక్క చూపించే వాటితోనే. మా దగ్గర అలాంటిది మొదట బయటపడింది ఎల్‌ఆర్ (లారీ రసీదు) కాపీ మీద. డోర్ నంబరు, వీధి, ల్యాండ్‌మార్క్, ఊరు – ఈ నాలుగు కాలమ్‌లని రెండు నిలువు గీతలతో (||) కలిపి అడ్రస్ ప్రింట్ చేసేవాళ్లం. ఒరాకిల్‌లో ల్యాండ్‌మార్క్ ఖాళీగా ఉన్నా మిగతాది వస్తుంది. పోస్ట్‌గ్రెస్‌లో నాలుగింట్లో ఏ ఒక్కటి నల్ అయినా మొత్తం నల్. లోడు ఎక్కింది, లారీ రెడీ, కాపీ మీద పార్టీ పేరుంది, అడ్రస్ చోట తెల్ల కాగితం. ఆటోనగర్ నుంచి బుకింగ్ గుమస్తా ఫోన్ చేసి "సార్, ఏ ఊరు పంపమంటారు?" అని అడిగాడు. మైఎస్‌క్యూఎల్‌లో ఇంకా తమాషా. మామూలు సెట్టింగ్‌లో అక్కడ ఆ రెండు గీతలకి అర్థం 'లేదా'. 47-10-15 లాంటి డోర్ నంబరుతో మొదలయ్యే అడ్రస్ అంతా కలిసి 1 అని ప్రింట్ అవుతుంది! కాన్‌కాట్ వాడదామా అంటే, నల్ ఉంటే మైఎస్‌క్యూఎల్‌లో అదీ నల్ ఇస్తుంది, పోస్ట్‌గ్రెస్‌లో నల్‌ని పట్టించుకోదు, పాత ఒరాకిల్ వెర్షన్లలో రెండంటే రెండు ముక్కలనే కలుపుతుంది. ఇలాంటివి క్వెరీలో కలపొద్దనేది నా అభిప్రాయం. కాలమ్‌లు విడివిడిగా తెచ్చుకుని అప్లికేషన్‌లో కలుపుకోండి.

దీనికి అన్నలాంటిది ఖాళీ స్ట్రింగ్. ఒరాకిల్‌కి ఖాళీ స్ట్రింగ్, నల్ రెండూ ఒకటే, మిగతా వాటికి వేర్వేరు. జీఎస్‌టీ నంబరు ఇవ్వని పార్టీల లిస్టుకి మనం ఈజ్ నల్ అని రాస్తాం. కొత్త డేటాబేస్‌లో స్క్రీన్ నుంచి ఖాళీగా వచ్చిన గడి ఖాళీ స్ట్రింగ్‌గానే సేవ్ అవుతుంది, ఆ పార్టీలు లిస్టులోకే రావు. క్వెరీలన్నింటికీ అతుకులు వేయడం కన్నా, సేవ్ చేసే చోటే ఖాళీని నల్‌గా మార్చి పంపడం మేలు.

లారీ కిరాయి లెక్కలున్నాయంటే భాగహారం చూసుకోండి. కాటా బరువు 24,750 కిలోలు, 1000తో భాగిస్తే ఒరాకిల్‌లో, మైఎస్‌క్యూఎల్‌లో 24.75 టన్నులు. కాలమ్‌ని ఇంటిజర్‌గా పెట్టుకుంటే పోస్ట్‌గ్రెస్‌లో 24. ముప్పావు టన్ను కిరాయి గాల్లో కలిసిపోతుంది, ఎర్రర్ మాత్రం రాదు. 1000.0 అని రాస్తే అన్నిచోట్లా సరిగ్గా వస్తుంది.

తేదీల్లో, ఒరాకిల్ డేట్‌లో టైమ్ కూడా ఉంటుంది, మిగతా రెండింట్లో ఉండదు. కాబట్టి అక్కడ టైమ్‌స్టాంప్, డేట్‌టైమ్ తీసుకోండి. 'ఈ రోజు బుకింగులు' కోసం కాలమ్‌కి ట్రంక్ (టైమ్‌ని కత్తిరించే ఫంక్షన్) చుట్టొద్దు. ఈ రోజు మొదలుకి సమానం లేదా ఎక్కువ, రేపటి మొదలుకి తక్కువ అని రెండు కండిషన్లు పెట్టి, ఆ విలువలు అప్లికేషన్ నుంచి పంపండి. వెతుకులాటని వేగం చేసే ఇండెక్స్ కూడా పనిచేస్తుంది.

చిన్న నుంచి పెద్దకి సార్ట్ చేస్తే నల్‌లు ఒరాకిల్‌లో, పోస్ట్‌గ్రెస్‌లో చివరికి, మైఎస్‌క్యూఎల్‌లో ముందుకి వస్తాయి. డెలివరీ తేదీ పడని లోడ్లు లిస్టు పైకొచ్చేసరికి మా కస్టమర్ ఒకాయనకి అదే నచ్చి, అలాగే ఉంచమన్నారు! మీకు వద్దనుకుంటే ముందు కేస్‌తో నల్‌కి 1, లేకపోతే 0 ఇచ్చి సార్ట్ చేసి, తర్వాత తేదీ పెట్టండి. నల్స్ లాస్ట్ అనే మాట మైఎస్‌క్యూఎల్‌కి తెలియదు.

ఏపీ 31 బండి నంబరు పెద్ద అక్షరాల్లో ఉండి, వెతికేటప్పుడు చిన్న అక్షరాల్లో కొడితే మైఎస్‌క్యూఎల్ దొరకబుచ్చుకుంటుంది, మిగతా రెండూ లేదంటాయి. సేవ్ చేసేటప్పుడే పెద్ద అక్షరాలకి మార్చేయండి.

పేజీకి 20 వరుసల చొప్పున చూపించడానికి మాత్రం మూడింటికీ కుదిరే చక్కని దారి లేదు. ఫెచ్ ఫస్ట్ అనేది ఒరాకిల్ 12సీ నుంచీ, పోస్ట్‌గ్రెస్‌లోనూ ఉంది గాని, మైఎస్‌క్యూఎల్‌లో లిమిట్ ఒక్కటే. వరుసలకి నంబర్లు వేసే రో నంబర్ విండో ఫంక్షన్ అన్నింట్లో నడుస్తుంది, మైఎస్‌క్యూఎల్ మాత్రం 8.0 లేదా ఆ తర్వాతది అయితేనే. పెద్ద టేబుళ్ల మీద అది బరువు. మేం ఈ ముక్కని ఒక్కో డేటాబేస్‌కి ఒక్కో ఫైల్లో విడిగా పెట్టేశాం. అలా విడదీయడంలో నామోషీ ఏమీ లేదండీ. ఓఆర్‌ఎం (క్వెరీలు తనే రాసిపెట్టే లైబ్రరీ) వాడితే ఈ పేజీల పని అదే చూసుకుంటుంది. అడ్రస్ లాంటి, బరువు లాంటి గొడవలు మీరు చేత్తో రాసిన క్వెరీల్లో అలాగే మిగిలుంటాయి.

టెస్టింగ్‌కి కావాలనే చెడ్డ డేటా తయారుచేసుకోండి: నల్ ఉన్న వరుస, ఖాళీ స్ట్రింగ్ ఉన్నది, రాత్రి 11:59కి పడిన బుకింగ్, వెయ్యితో నిశ్శేషంగా భాగం పోని బరువు. అదే డేటా మూడింట్లోనూ వేసి పాత క్వెరీ, కొత్త క్వెరీ ఫలితాలు వరుసకి వరుస పోల్చండి. వరుసల సంఖ్య సరిపోయిందని ఆగొద్దు, అడ్రస్ పోయిన కాపీల్లో కూడా వరుసలు సరిగ్గానే ఉన్నాయి. కస్టమర్ దగ్గరున్న వెర్షన్ మీదే టెస్ట్ చేయండి. మీ ల్యాప్‌టాప్‌లో ఒరాకిల్ 23ఏఐ ఉంటే టేబుల్ అక్కర్లేని క్వెరీకి ఒరాకిల్ అడిగే ఫ్రమ్ డ్యూయల్ లేకపోయినా నడిచిపోతుంది, వాళ్ల 19సీలో నడవదు.

కనెక్ట్ బై (వరుసలని వంశవృక్షంలా పేర్చే ఒరాకిల్ పద్ధతి) ఉన్న క్వెరీలు, స్టోర్డ్ ప్రొసీజర్లు (డేటాబేస్ లోపలే రాసి ఉంచిన ప్రోగ్రాములు) ఈ పద్ధతికి లొంగవు. అవెన్ని ఉన్నాయో లెక్కపెట్టి, ఒకటి రెండు నమూనాలతో వేరే ప్రశ్నగా పెట్టండి, చూద్దాం.