అవ్వ కీప్యాడ్ ఫోనులో నంబర్లు సర్దడం: సిమ్ నిండిందంటే ఏం చేయాల?

అడిగింది ఇది: ప్రొద్దుటూరు పక్కన పల్లెలో ఉండే అవ్వకు పాత నోకియా కీప్యాడ్ ఫోనుంది. కొత్త నంబరు ఎక్కిస్తే సిమ్ నిండిందంటుంది, సగం పేర్లు రెండేసి సార్లు కనిపిస్తున్నాయి, చిన్నాయన కువైట్ నంబరు కలవడం లేదు.

సిమ్ నిండితే ఫోను నిండినట్టు కాదు. ఈ ఫోన్లలో నంబర్లకు రెండు గూళ్లుంటాయి, ఒకటి సిమ్‌లో, ఇంకొకటి ఫోనులో. సిమ్‌లో మామూలుగా 250 పేర్లు పడతాయి. ఫోనులో ఎన్ని పడతాయనేది మోడల్‌ని బట్టి ఉంటుంది. నోకియా 1100లో 50, 2013లో వచ్చిన 105లో 500. కాంటాక్ట్స్‌లో సెట్టింగ్స్, అందులో మెమరీ స్టేటస్ తెరిస్తే ఏ గూడు ఎంత నిండిందో తెలుస్తుంది. మోడల్ మారితే మెనూలో మాటలు కొంచెం మారతాయి, దారి మాత్రం దాదాపు అదే. పేర్లు జంటగా కనపడుతున్నాయంటే, ఎవరో సిమ్ నుంచి ఫోనుకు కాపీ కొట్టి, 'ఫోను, సిమ్ రెండూ చూపించు' అనే సెట్టింగు అట్లే వదిలేశారని. మెమరీ ఇన్ యూజ్‌లో 'ఫోను' ఒక్కటే పెడితే జంటలు మాయమవుతాయి. కనపడిన జంటనల్లా చెరిపేసే పని మాత్రం పెట్టుకోవద్దు. ఏది ఏ గూట్లోదో చూడకుండా చెరిపితే రెండూ పోతాయి.

సిమ్ నిండిందంటే అందులో పేర్లను ఫోను గూట్లోకి కాపీ కొట్టాల. కాపీ కొట్టే ముందే చెత్త తీసేయండి. ఆపేసిన నంబర్లు, కంపెనీవాళ్లు సిమ్‌లో ముందే పెట్టి ఇచ్చినవి, ఎవరో తెలియని ఒంటి అక్షరాల పేర్లు. ఆ తర్వాత కాపీలోకి పోయి 'సిమ్ నుంచి ఫోనుకు', 'అన్నీ' ఎంచుకోండి. అసలువి ఉంచాలా, తరలించాలా అని అడిగితే ఉంచమనే చెప్పండి. 50 పట్టే ఫోనులోకి 200 పంపితే మధ్యలో ఆగిపోతుంది. తరలించమని చెప్పి ఉంటే సగం అటు, సగం ఇటు అయి కూర్చుంటుంది.

పేర్లు తెగిపోయేదీ ఈ సిమ్‌లోనే. చాలా సిమ్‌లలో పేరుకు పద్నాలుగు ఇంగ్లీషు అక్షరాలకే చోటుంటుంది. 'వెంకటేశ్వర రెడ్డి నంద్యాల' అని ఇంగ్లీషులో కొడితే 'రెడ్డి'లో మొదటి అక్షరం దగ్గరే కట్ అవుతుంది. 'వెంకటేశ్వర రెడ్డి తాడిపత్రి' కూడా అక్కడే కట్ అవుతుంది. ఇంక ఇద్దరూ ఒకటే! మన సీమలో వెంకటేశ్వర రెడ్డి లేని ఊరేది? అందుకని ఊరు ముందు, పేరు తర్వాత. ఊరికి మూడక్షరాలు చాలు. గుంతకల్లుకు జీటీఎల్, ధర్మవరానికి డీఎంఎం అని రైల్వే కోడ్లు ఉండనే ఉన్నాయి. తెలుగులో కొడితే చోటు ఇంకా తక్కువ పడుతుంది. గుణింతం గుర్తూ, ఒత్తూ ఒక్కోటీ విడి అక్షరంగా లెక్కకొస్తాయి.

అయినా అవ్వ ఫోనులో రికార్డుల్లో ఉండే పేర్లెందుకు? ఆమె 'పాలాయన' అంటే పాలాయనే ఎక్కించాల. 'మోటారు వైండింగు', 'లైన్‌మ్యాను', 'ట్రాక్టరు పిల్లోడు', ఆమె నోట్లో ఏ మాట ఉంటే ఆ మాట. మనవళ్లు తమకు తోచిన పేర్లు పెట్టి, కనపడలేదంటే అవ్వకు చదువు రాదంటారు. అది అన్యాయం.

కువైట్ నంబరుకు ముందు +965 ఉండాల. అక్కడి నంబరు ఎనిమిది అంకెలే, అవి ఒక్కటే దాస్తే కలవదు. ప్లస్ గుర్తుకు నోకియాలో స్టార్ మీటను వెంటవెంటనే రెండు సార్లు కొట్టాల. కొన్ని వేరే ఫోన్లలో సున్నా నొక్కి పట్టుకోవాల. ల్యాండ్‌లైన్లకు ఊరి కోడు సున్నాతో సహా ఎక్కించండి. కడపకు 08562, కర్నూలుకు 08518, అనంతపురానికి 08554.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం జరిగేది సిమ్ మార్పించే అంగడిలో. 4జీ సిమ్ ఉచితమని పాతది తీసి కొత్తది వేస్తారు. నంబరు అదే ఉంటుంది, పేర్లు మాత్రం ఒక్కటీ ఉండవు. సిమ్‌లో పేర్లు ఆ చిప్పులోనే ఉంటాయి, కంపెనీ దగ్గర ఉండవు. ఈ ఒక్క ముక్క ముందుగా చెప్పే అంగడివాళ్లు చాలా తక్కువ. పాత సిమ్ చెత్తబుట్టలో వేయకముందే అడిగి తీసుకోండి. అది నెట్‌వర్కులో పనిచేయకపోయినా దాంట్లో పేర్లు అట్లే ఉంటాయి. ఇంట్లో ఎవరి ఆండ్రాయిడ్ ఫోనులోనైనా ఆ సిమ్ వేసి, కాంటాక్ట్స్ యాప్‌లో 'సిమ్ నుంచి దిగుమతి' కొడితే బయటికొస్తాయి. పెద్ద సిమ్‌ను నానో సైజుకు కత్తిరించాల్సి వస్తే చిప్పు మీద కత్తెర పడకుండా చూడండి.

ఇంక స్పీడ్ డయల్, అంటే ఒక్క మీట నొక్కి పట్టుకుంటే ఒకరికి ఫోను పోయే ఏర్పాటు. దీన్ని ఆఖర్నే పెట్టాల, పేర్లు అటూ ఇటూ మార్చితే ఇది చెదిరిపోతుంది. అద్దాలు లేకుంటే అవ్వకు తెర కనపడదు. ఆమె బొటనవేలు చూడండి, మీటల మీద తడుముతూ పోయి మధ్యలో 5 మీదుండే చిన్న గుబ్బ దగ్గర ఆగుతుంది. ఆ గుబ్బకు పైన 2, కింద 8, ఎడమకు 4, కుడికి 6. పెద్ద కొడుకు పైన, కూతురు కింద, పక్కింటివాళ్లు ఎడమకు, డాక్టరు కుడికి. వరసగా 2, 3, 4, 5 ఇస్తే మూలలో ఉండే 3 వేలికి చిక్కదు. 1 మీట వాయిస్‌మెయిల్‌ది, దాని జోలికి పోవద్దు. కాల్ సెట్టింగ్స్‌లో స్పీడ్ డయలింగ్ 'ఆన్' చేయకుంటే ఇదేదీ పనిచేయదు. మీటను నొక్కి అట్లే పట్టుకోమని అవ్వకు చెప్పండి. కొట్టి వదిలేస్తే తెర మీద 2 అంకె పడుతుందంతే, కొడుక్కి పోదు.