బ్యాంకుకు చెప్పాక పోయిన సొమ్ముకు ఎవరు బాధ్యులు?

ప్రశ్న: నేను విశ్రాంత ఉపాధ్యాయుణ్ని. ఇంట్లో కంప్యూటర్‌కు పేరున్న కంపెనీ ఇంటర్నెట్ సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్‌ను డబ్బు పెట్టి కొన్నాను. 16 నెలల క్రితం ఒక రోజు నెట్‌లో బిల్లు కడుతుండగా తెర అంతా ఎర్రగా మారి, ఆ కంపెనీ పేరుతోనే ‘మీ కంప్యూటర్‌లో వైరస్‌లు ఉన్నాయి, ఈ నంబరుకు ఫోన్ చేయండి’ అని వచ్చింది. చేస్తే, లైసెన్సు రెన్యువల్ చేస్తామంటూ నా చేతే ఒక ప్రోగ్రామ్ వేయించారు. ఆ తర్వాత మౌస్ దానంతట అదే కదిలింది. అడిగితే రెండు ఓటీపీలు చెప్పాను. ఉదయం 11.08కి రూ.48,000, 11.19కి రూ.72,000 పోయాయి. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకున్నాక కూడా మరో రూ.65,000 పోయింది. దానికి నేను ఓటీపీ చెప్పలేదు. బ్యాంకు నెల తిరగకుండానే ‘ఓటీపీ మీరే చెప్పారు’ అని రాసి పంపింది. పెన్షన్ సొమ్ము పోయి, ఇంట్లో మాటలు పడుతున్నాను. కంపెనీ ప్రకటనలో ‘సంపూర్ణ రక్షణ’ అని ఉంది, పరీక్షా సంస్థల అవార్డులు కూడా ఉన్నాయి. లైసెన్సు గడువు అంతకు ఐదు నెలల ముందే తీరిన మాట నిజమే గానీ, ప్రోగ్రామ్ కంప్యూటర్‌లోనే ఉంది. కంపెనీ మీద నష్టపరిహారానికి కేసు వేయవచ్చా? ఫోన్ చేసిన సంగతి రాయవద్దని, కంప్యూటర్ హ్యాక్ అయిందని మాత్రమే రాయమని మా మిత్రుడు అంటున్నారు. మెకానిక్ ఫార్మాట్ చేసేయమంటున్నాడు.
— ఒక పాఠకుడు

సమాధానం: మీ లేఖలో ఎక్కువ భాగం సాఫ్ట్‌వేర్ కంపెనీ గురించీ, ఇంట్లో మీరు పడుతున్న మాటల గురించీ ఉంది. మీ కేసును తేల్చే వాక్యం మాత్రం వాటి మధ్య, మీకే పెద్దగా పట్టనట్టు రాసినది ఒక్కటే ఉంది: ఫిర్యాదు నంబరు తీసుకున్నాక కూడా రూ.65,000 పోయిందన్నది. మొదటి రెండు లావాదేవీల సమయాలను నిమిషాలతో సహా రాసిన మీరు, ఫిర్యాదు నంబరు ఎన్నింటికి ఇచ్చారో, మూడో లావాదేవీ ఎన్నింటికి జరిగిందో రాయలేదు. నాకు కావలసినవి ఆ రెండు సమయాలే.

అనధికార ఎలక్ట్రానిక్ లావాదేవీలలో ఖాతాదారు బాధ్యత ఎంతవరకో భారతీయ రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న జారీ చేసిన సర్క్యులర్‌లో చెప్పింది. మూడు పనిదినాల్లో ఫిర్యాదు చేస్తే సొమ్మంతా తిరిగి వస్తుందని చాలామంది దాన్ని సగమే చదివి నమ్ముతున్నారు. తప్పు బ్యాంకుదీ ఖాతాదారుదీ కాకుండా వ్యవస్థలో మరెక్కడో ఉన్నప్పుడు మాత్రమే ఆ మూడు రోజుల వెసులుబాటు వర్తిస్తుంది. ఓటీపీ, పాస్‌వర్డు వంటివి ఖాతాదారే బయటపెట్టిన నిర్లక్ష్యం వల్ల నష్టం జరిగితే, బ్యాంకుకు తెలియజేసే క్షణం దాకా జరిగిన నష్టమంతా అతనే భరించాలి, తెలియజేసిన తర్వాత జరిగే నష్టమంతా బ్యాంకు భరించాలి. పైగా ఖాతాదారు బాధ్యతను రుజువు చేయవలసిన భారం బ్యాంకు మీదనే ఉంటుందని అదే సర్క్యులర్ చెప్పింది.

ఇప్పుడు మీ సంగతి ఈ కొలతకు పెట్టి చూడండి. మొదటి రెండు లావాదేవీలకు ఓటీపీలు మీ నోటితో చెప్పారు కాబట్టి ఆ రూ.1,20,000 మీద బ్యాంకు నుంచి పెద్దగా ఆశించవద్దు. మూడోది అలా కాదు. మీ ఫిర్యాదు నమోదైన తర్వాత కూడా నెట్ బ్యాంకింగ్‌ను తక్షణమే నిలిపివేయలేకపోవడం బ్యాంకు సేవాలోపం. ఓటీపీ నేరస్థులకు ఎలా చేరిందన్న చర్చ లేస్తుంది. ఫోన్‌లోని మెసేజ్‌లు కంప్యూటర్ తెర మీద కనిపించేలా మీరు పెట్టుకుని ఉంటే వాళ్లు అక్కడే చదివి ఉండవచ్చు. అయినా ఫిర్యాదు ముందు, మూడో లావాదేవీ తర్వాత అని నిలబడితే ఆ చర్చ బ్యాంకును గట్టెక్కించదు. అదే మూడో లావాదేవీ ఫిర్యాదు నమోదుకు రెండు నిమిషాల ముందు జరిగి ఉంటే మాత్రం మీ చేతిలో మిగిలేది దాదాపు ఏమీ లేదు. అందుకే, నంబరు తీసుకున్నాక పోయిందని జ్ఞాపకం మీద ఆధారపడి చెప్పడం వినియోగదారుల కమిషన్‌లో పనికిరాదు.

సమయాలను రుజువు చేసే కాగితాలు ఇవి. ఫిర్యాదు నంబరుతో బ్యాంకు పంపిన మెసేజ్ మీ ఫోన్‌లో ఉండాలి, దాన్ని చెరపవద్దు, ఆ ఫోన్‌ను మార్చవద్దు, అమ్మవద్దు. మీ నంబరు నుంచి కస్టమర్ కేర్‌కు వెళ్లిన కాల్ ఎప్పుడు మొదలై ఎంతసేపు సాగిందో చూపే వివరాలను టెలికాం సంస్థ నుంచి తీసుకోండి. కాల్ రికార్డులను కనీసం రెండేళ్లు భద్రపరచాలని 2021 డిసెంబరులో ఆ సంస్థల లైసెన్సు షరతులు సవరించారు కాబట్టి ఈ రోజుకు అవి ఉండాలి, ఇంకో ఎనిమిది నెలలు ఆగితే ఉంటాయన్న భరోసా లేదు. ఆ రోజు సంభాషణ రికార్డింగును, ఫిర్యాదు నమోదు లాగ్‌ను భద్రపరచమని బ్యాంకులో ఫిర్యాదులు చూసే నోడల్ అధికారికి ఈ వారమే రిజిస్టర్డ్ పోస్టులో లేఖ పంపి, రసీదు దాచుకోండి. ఇవ్వకపోతే, వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 38 కింద కమిషన్‌కు పత్రాలు తెప్పించే అధికారం ఉంది. వాటిని తెప్పించమని అడగాలంటే ముందు మీరు భద్రపరచమని కోరినట్టు కాగితం ఉండాలి.

కంప్యూటర్‌ను ఫార్మాట్ చేయించవద్దు. పాత హార్డ్‌డిస్క్‌ను తీయించి, కవర్‌లో పెట్టి, తీసిన తేదీ రాసి దాచండి. కొత్త డిస్క్ వేసుకుని కంప్యూటర్ వాడుకోండి. వాళ్లు వేయించిన రిమోట్ ప్రోగ్రామ్ సాధారణంగా ఎన్నింటికి ఎవరు కనెక్ట్ అయ్యారో తన లాగ్ ఫైళ్లలో రాసిపెట్టుకుంటుంది. యాంటీవైరస్ చరిత్రలో కూడా ఆ రోజు అది ఏదైనా హెచ్చరిక ఇచ్చిందా, మీరు దాన్ని దాటవేశారా అన్నది ఉండవచ్చు. అది మీకు వ్యతిరేకంగా ఉన్నా సరే, తుడిచేయడం తెలివి కాదు. న్యాయస్థానం ముందుకు రావలసిన ఎలక్ట్రానిక్ రికార్డును ఉద్దేశపూర్వకంగా నాశనం చేయడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 241 కింద మూడేళ్ల వరకు శిక్ష పడే నేరం. ఇప్పటికే పోయిన సాక్ష్యం కూడా ఒకటుంది. ఆ ఎర్ర తెర ఏ వెబ్ చిరునామా నుంచి వచ్చిందో బ్రౌజర్ చరిత్రలో ఉండేది, కానీ క్రోమ్ వంటి బ్రౌజర్ ఆ చరిత్రను సుమారు 90 రోజులే ఉంచుతుంది. ఆ రోజే ఫోన్‌తో ఒక్క ఫొటో తీసుకుని ఉంటే సరిపోయేది.

ఎలక్ట్రానిక్ రికార్డుల నకళ్లు దాఖలు చేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 ప్రకారం, అవి అసలు రికార్డు నుంచే తీసినవని చెప్పే ధ్రువపత్రం జతచేయాలి. 2024 జూలై 1 దాకా ఇదే పాత సాక్ష్య చట్టంలో 65బీగా ఉండేది. వినియోగదారుల కమిషన్ సాక్ష్య చట్టపు నియమాలను సివిల్ కోర్టు అంత కఠినంగా పాటించదు గానీ, అప్పీలులో అవతలి వకీలు ముందుగా పట్టుకునేది ఈ లోపాన్నే. ధ్రువపత్రం పెట్టి, అసలు ఫోన్‌ను కూడా మీ దగ్గరే ఉంచుకోండి.

ఇక మీరు అడిగిన ప్రశ్నకు వస్తాను. సాఫ్ట్‌వేర్ కంపెనీ మీద కేసు వేయడానికి అడ్డు లేదు, గెలవడానికి ఆధారం లేదు. సేవాలోపం అనాలంటే ఆ రోజున సేవా ఒప్పందం అమలులో ఉండాలి. మీ లైసెన్సు ఐదు నెలల ముందే ముగిసింది. ప్రోగ్రామ్ తెర మీద ఒక మూల కనిపిస్తున్నంత మాత్రాన కాపలా ఉన్నట్టు కాదు. గడువు తీరిన ప్రోగ్రామ్‌కు సాధారణంగా కొత్త వైరస్‌ల వివరాలు అందవు. ఐదు నెలల పాటు రెన్యువల్ చేయకుండా, తీసేయకుండా వదిలేసి, అదే కంప్యూటర్‌లో పెన్షన్ ఖాతా తెరవడం ఏ కమిషన్ సభ్యుడూ సానుభూతితో చూడని అజాగ్రత్త.

లైసెన్సు బతికి ఉన్నా ఫలితం పెద్దగా మారేది కాదు. మీరు చూసిన ఎర్ర తెర వైరస్ కాదు, బ్రౌజర్‌లో తెరుచుకున్న మామూలు వెబ్ పేజీ. వెబ్ పేజీ మీ కంప్యూటర్‌ను లోపలికి వెళ్లి పరీక్షించలేదు, ఆ బొమ్మ ముందే గీసి పెట్టుకున్నది. మంచి సాఫ్ట్‌వేర్ అటువంటి పేజీలను చాలావరకు అడ్డుకుంటుంది, అన్నింటినీ కాదు. వాళ్లు వేయించిన ప్రోగ్రామ్ అయితే ఎన్నో ఆఫీసులు రోజూ వాడే చట్టబద్ధమైన రిమోట్ సాధనం కావచ్చు. యజమానే స్వయంగా దించుకుని, అనుమతి బటన్ నొక్కిన అటువంటి ప్రోగ్రామ్‌ను వైరస్ అని ఆపే బాధ్యత ఏ కంపెనీ తలకెత్తుకోదు. మీరు గొప్పగా జతచేసిన అవార్డులూ ఇక్కడ పనికిరావు. జర్మనీలోని ఏవీ-టెస్ట్ సంస్థ రక్షణ, వేగం, వాడుక సౌలభ్యం అనే మూడు అంశాలకు ఆరేసి పాయింట్లు వేస్తుంది. ఆస్ట్రియాలోని ఏవీ-కంపారిటివ్స్ కూడా ప్రధానంగా హానికర ప్రోగ్రామ్‌లను ఎంతవరకు పట్టుకుందో కొలుస్తుంది. ఫోన్‌లో నమ్మించి మీ చేత అనుమతి ఇప్పించుకునే మోసాన్ని ఆ పాయింట్లు కొలవవు. వాటిని మీ సాక్ష్యంగా పెడితే, తమ ఉత్పత్తి నాణ్యమైనదని మీరే ఒప్పుకున్నారని కంపెనీ వకీలు చదివి వినిపిస్తాడు.

‘సంపూర్ణ రక్షణ’ అన్న ప్రకటన తప్పుదోవ పట్టించేదే. దాని మీద కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు ఫిర్యాదు చేయవచ్చు. ఆ సంస్థ రూ.10 లక్షల వరకు జరిమానా వేయగలదు గానీ అది మీకు రాదు. నష్టం ఎంతైనా చెల్లించిన ధర మేరకే బాధ్యత అన్న లైసెన్సు షరతును అన్యాయ ఒప్పందమని సవాలు చేయాలంటే జిల్లా కమిషన్ కాదు, రాష్ట్ర కమిషన్‌కు వెళ్లాలి. గడువు తీరిన లైసెన్సుతో ఆ ఖర్చుకు నేను సలహా ఇవ్వను. మీరు ఫోన్ చేసిన నంబరు ఆ కంపెనీ అధీకృత డీలరుదేనని ఆధారం దొరికితే మాత్రం పరిస్థితి వేరు. అప్పుడు ఏజెంటు చేసిన పనికి కంపెనీ జవాబు చెప్పాలి. అందుకు ఆ నంబరు మీ కాల్ రికార్డులో ఉంటుంది, పోలీసుల ద్వారా దాని యజమానిని తేల్చమనండి.

మీ మిత్రుడి సలహా గురించి కఠినంగానే చెబుతున్నాను. కంప్యూటర్ దానంతట అదే హ్యాక్ అయిందని రాసి, దాని కింద ప్రమాణపత్రం మీద సంతకం పెట్టిన రోజున మీ రూ.65,000 కూడా పోయినట్టే లెక్క. మీరు ఆ మోసగాళ్లతో ఎంతసేపు మాట్లాడారో కాల్ రికార్డు చెబుతుంది, ప్రోగ్రామ్ మీ కంప్యూటర్‌లో ఎవరి అనుమతితో వేశారో హార్డ్‌డిస్క్ చెబుతుంది, అసలు ఓటీపీ చెప్పానని మీరు మొదటి రోజు కస్టమర్ కేర్‌కు చెప్పిన మాట బ్యాంకు రికార్డింగులో ఉండి ఉంటుంది. ఒక్క అబద్ధం బయటపడితే, నిజమైన సమయాల మీద కూడా కమిషన్‌కు నమ్మకం పోతుంది. కమిషన్ ముందు విచారణ న్యాయ విచారణగానే పరిగణించబడుతుంది, అక్కడ తప్పుడు సాక్ష్యానికి ఏడేళ్ల వరకు శిక్ష ఉంది. మొదటి రెండు ఓటీపీలు చెప్పానని ఫిర్యాదులో మీరే రాయండి. అలా రాయడం వల్ల మూడో లావాదేవీ మీద మీ మాటకు బలం వస్తుంది.

గడువు సంగతి ఇప్పటికే సగం చెడగొట్టుకున్నారు. బ్యాంకుల మీద ఫిర్యాదులు వినేందుకు రిజర్వు బ్యాంకు పెట్టిన 2021 నాటి సమీకృత అంబుడ్స్‌మన్ పథకం ప్రకారం బ్యాంకు జవాబు అందిన ఏడాదిలోపు అక్కడికి వెళ్లవలసింది. మీకు జవాబు వచ్చి 15 నెలలు. ఖర్చు లేని ఆ దారి మూసుకుపోయింది. మిగిలింది జిల్లా వినియోగదారుల కమిషన్. సెక్షన్ 69 ప్రకారం వ్యాజ్య కారణం, అంటే కేసుకు మూలమైన సంఘటన, పుట్టిన నాటి నుంచి రెండేళ్లు గడువు. బ్యాంకు తిరస్కరించిన తేదీ నుంచి లెక్కించవచ్చని వాదించే వీలున్నా, ఆ వాదనతో పందెం కాయకుండా సొమ్ము పోయిన తేదీ నుంచే లెక్క పెట్టుకోండి. ఆ లెక్కన ఎనిమిది నెలలే ఉన్నాయి. మధ్యలో ఎన్ని ఈమెయిళ్లు పంపినా, ‘పరిశీలిస్తున్నాం’ అని ఎన్ని జవాబులు వచ్చినా గడువు ఒక్క రోజు కూడా పెరగదు.

మీరు నివసించే జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చు, సేవకు చెల్లించిన ప్రతిఫలం రూ.5 లక్షల లోపు కాబట్టి రుసుము లేదు, ఆన్‌లైన్‌లో వినియోగదారుల కమిషన్ల పోర్టల్ ఈ-జాగృతి ద్వారా దాఖలు చేయవచ్చు. ప్రధాన ప్రతివాదిగా బ్యాంకును మాత్రమే పెట్టి, రూ.65,000, దాని మీద వడ్డీ, మానసిక వేదనకు సమంజసమైన మొత్తం, ఖర్చులు కోరండి. రూ.1,20,000ను కూడా కలిపి అడగాలని మీకు అనిపిస్తుంది. అడిగితే బ్యాంకు వకీలు వాదనంతా ఓటీపీల చుట్టూనే తిప్పుతాడు.

ఆ రూ.1,20,000కు వేరే దారి ఉంది. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి లేదా జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో మీరు ఫిర్యాదు చేశారో లేదో రాయలేదు. చేయకపోతే ఈ రోజే చేయండి, ఆలస్యమైనా నేరం నేరమే, సమాచార సాంకేతిక చట్టం సెక్షన్ 66డీ కింద కేసు నమోదవుతుంది. చేసి ఉంటే, సొమ్ము చేరిన ఖాతాల్లో ఏమైనా నిలిపివేశారా అని దర్యాప్తు అధికారిని రాతపూర్వకంగా అడగండి. నిలిపివేసిన మొత్తం ఉంటే, దాన్ని విడుదల చేయమని భారతీయ నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 503 కింద సంబంధిత మేజిస్ట్రేటు ముందు పిటిషన్ వేయవచ్చు. డబ్బు వెనక్కి తెప్పిస్తామని ముందుగా ఫీజు అడిగే ఆన్‌లైన్ ‘రికవరీ నిపుణుల’ జోలికి మాత్రం పోకండి. ముందు కాల్ వివరాలు తెచ్చుకుని, మూడో లావాదేవీ సమయం ఉన్న బ్యాంకు స్టేట్‌మెంటుతో పక్కపక్కన పెట్టి చూడండి. ఫిర్యాదు సమయం ముందుంటే బ్యాంకుకు పంపే నోటీసు ముసాయిదా కోసం ఆ రెండు కాగితాలతో మీ స్థానిక న్యాయవాదిని కలవండి.