మానసిక ఆరోగ్య నర్సింగ్: మందుల జాబితాల కంటే ముందు నేర్చుకోవలసింది

ప్రాక్టికల్ నర్సింగ్ చదువుతున్నాననీ, మానసిక ఆరోగ్య విభాగంలో పోస్టింగ్ దగ్గరపడుతోందనీ, రోగాల పేర్లూ మందుల జాబితాలూ గుర్తుండటం లేదనీ, పరీక్షలో ఇచ్చే నాలుగు జవాబులూ సరైనవిగానే కనిపిస్తున్నాయనీ రాశారు. వార్డులోకి వెళ్లాలంటే భయంగా ఉందని కూడా అన్నారు. నేను మానసిక చికిత్స వార్డులో చాలాకాలం నర్సుగా పనిచేసి, తరువాత పోస్టింగ్‌కు వచ్చే విద్యార్థులకు పని నేర్పాను. ఆ అనుభవంతో చెబుతున్నాను: ముందుగా నేర్చుకోవలసింది చూసినదాన్ని చూసినట్టుగా, విన్నదాన్ని విన్నట్టుగా రాయడం.

ఇతర వార్డుల్లో రక్తపరీక్షల అంకెలు రోగి పరిస్థితిని చాలావరకు చెబుతాయి. ఇక్కడ మాత్రం మందు పెంచాలా తగ్గించాలా అన్నది వైద్యులు చాలాసార్లు నర్సు రాసిన వాక్యాన్ని బట్టే నిర్ణయిస్తారు. "దురుసుగా ప్రవర్తించారు" అని రాస్తే తరువాతి డ్యూటీవారికి ఏమీ తెలియదు. "అన్నం పళ్లెం పక్కకు నెట్టి, 'ఇందులో ఏదో కలిపారు' అని గట్టిగా అన్నారు" అని రాస్తే రోగి ఏ అనుమానంతో బాధపడుతున్నారో తెలుస్తుంది.

ఒక యువకుడికి భ్రమలు, భ్రాంతులు తగ్గించే హాలోపెరిడాల్ అనే మందు మొదలుపెట్టిన కొద్ది రోజులకు అతను వరండాలో ఆగకుండా తిరగసాగాడు. కూర్చోమంటే కూర్చునేవాడు, వెంటనే లేచేవాడు. నిలబడినా బరువును ఒక కాలి మీది నుంచి మరో కాలి మీదికి మారుస్తూనే ఉండేవాడు. చార్టులో "ఆందోళన పెరిగింది" అని మాత్రమే ఉంది. ఆ రోజు పోస్టింగ్‌లో ఉన్న విద్యార్థిని అతని పక్కనే నడుస్తూ, "ఏవైనా ఆలోచనలు మిమ్మల్ని కూర్చోనివ్వడం లేదా, కాళ్లే నిలవడం లేదా?" అని అడిగింది. "ఆలోచనలేం లేవండీ, కాళ్లు లోపల్నుంచి లాగేస్తున్నాయి" అన్నాడతను. ఆమె ఆ మాటల్ని అలాగే రాసింది. అది ఆ మందు వల్ల వచ్చే అకథీసియా, అంటే కుదురుగా ఉండలేని స్థితి. రోగం ముదిరిందనుకుని అదే మందు ఇంకొంచెం ఇచ్చి ఉంటే అతని బాధ ఎక్కువయ్యేది. వైద్యులు మోతాదు తగ్గించి, ఆ బాధ తగ్గడానికి ప్రొప్రానొలాల్ అనే మందు ఇచ్చారు.

అందుకే దుష్ప్రభావాలను పేర్లుగా కాక, కంటికి ఎలా కనిపిస్తాయో ఊహించుకుంటూ చదవండి. ఇలాంటి మందు మొదలైన తొలి రోజుల్లో మెడ పక్కకు తిరిగిపోయి, కనుగుడ్లు పైకి నిలిచిపోతే అది డిస్టోనియా. నెలలో, ఏళ్లో వాడాక పెదవులు చప్పరించడం, నాలుక తనంతట తానే కదలడం కనిపిస్తే టార్డివ్ డిస్కినీషియా అని అనుమానించాలి. తీవ్రమైన జ్వరం, శరీరమంతా కొయ్యబారడం, చెమటలు, తికమక కలిసి కనిపిస్తే ఈ మందుల వల్ల అరుదుగా వచ్చే ప్రాణాపాయ స్థితి, న్యూరోలెప్టిక్ మాలిగ్నెంట్ సిండ్రోమ్ కావచ్చు. తరువాతి మోతాదు ఇవ్వకుండా ఆపి, ఆ క్షణమే చెప్పాలి.

అతి ఉత్సాహం, దిగులు మారిమారి వచ్చే బైపోలార్ జబ్బుకు ఇచ్చే లిథియం విషయంలో, అది రక్తంలో లీటరుకు 0.6 నుంచి 1.2 మిల్లీ ఈక్వివలెంట్లు ఉండాలన్న అంకెతో పాటు దాని వెనుక కారణం కూడా తెలుసుకోండి. మూత్రపిండాలు లిథియంను దాదాపు సోడియంలాగే చూస్తాయి కాబట్టి, వాంతులు, విరేచనాలు, విపరీతమైన చెమట వల్ల ఉప్పు, నీరు తగ్గినప్పుడు లిథియం శరీరంలో నిలిచిపోతుంది. చేతుల సన్నని వణుకు పెద్ద వణుకుగా మారడం, నడక తూలడం, మాట తడబడటం విషప్రభావానికి గుర్తులు. ఇతర మందులకు లొంగని స్కిజోఫ్రీనియాకు ఇచ్చే క్లోజపిన్ వాడేవారిలో జ్వరం, గొంతునొప్పి వస్తే తెల్ల రక్తకణాలు పడిపోయాయేమో చూడాలని పుస్తకాలన్నీ చెబుతాయి. అదే మందు తెచ్చే మలబద్ధకం ప్రాణం మీదికి రావచ్చు కాబట్టి, విరేచనం అయిందా అని రోజూ అడగడం కూడా అంతే ముఖ్యం.

ఇక నాలుగు జవాబుల సంగతి. ప్రాణాపాయాన్ని తప్పించే జవాబు ఉంటే అదే ముందు. లేకపోతే రోగిని ఇంకా మాట్లాడించేది ఎంచుకోండి. "ఎందుకలా చేశారు?" అని నిలదీసేవి, "అంతా సర్దుకుంటుంది" అని తేల్చేసేవి, మాట మార్చేవి సాధారణంగా తప్పు. నర్సుకూ రోగికీ మధ్య ఏర్పడే సంబంధమే చికిత్సలో భాగమని అమెరికా నర్సింగ్ సిద్ధాంతకర్త హిల్డెగార్డ్ పెప్లావ్ 1952లో ప్రతిపాదించారు. ఈ ప్రశ్నలకు మూలం ఆ ఆలోచనే. ఎవరికీ వినబడని గొంతులు వినబడుతున్నాయని రోగి అంటే, "నాకు వినబడటం లేదు గానీ, మీకు చాలా భయంగా ఉన్నట్టుంది, అవి ఏమంటున్నాయి?" అని అడగాలి. తననో ఇతరులనో గాయపరచమని అవి ఆజ్ఞాపిస్తున్నాయా అన్నది తెలియాలి కాబట్టే ఆ చివరి ప్రశ్న.

ఆత్మహత్య గురించి సూటిగా అడగడానికి విద్యార్థులు జంకుతారు. అడిగితే లేని ఆలోచన పుట్టదు. అడగకపోతే ఉన్న ఆలోచన బయటపడకపోవచ్చు. "చనిపోవాలనిపిస్తోందా? ఎలా అన్నది ఆలోచించారా?" అనే అడగండి. "ఎవరికీ చెప్పకండి" అంటే మాత్రం మాట ఇవ్వవద్దు. దిగులుకు మందు మొదలుపెట్టిన తొలి వారాల్లో మనసు తేలికపడకముందే ఒంట్లో ఓపిక తిరిగి రావచ్చు. ఆ రోజుల్లో మరింత కనిపెట్టుకుని ఉండాలి. నిన్నటిదాకా కుమిలిపోయిన మనిషి ఉన్నట్టుండి ప్రశాంతంగా మారి తన వస్తువులు పంచిపెడుతుంటే, ఆ సంగతి చార్టులో రాసి ఊరుకోకుండా ఇన్‌ఛార్జి నర్సుకు వెంటనే చెప్పాలి.

మీ భయం సహజమే. వార్డులోని రోగుల్లో ఎక్కువమంది ఎవరి మీదా చేయి చేసుకోరు. భయపడుతూ ఉండేది చాలాసార్లు వారే. మాట్లాడేటప్పుడు మీకూ రోగికీ ఇద్దరికీ తలుపు అందుబాటులో ఉండేలా, చేయి చాచినా తగలనంత దూరంలో, కాస్త పక్కగా నిలబడండి. గొంతు పెరగడం, పిడికిళ్లు బిగించడం, అటూ ఇటూ వేగంగా తిరగడం గమనిస్తే మీ గొంతు తగ్గించి, చిన్న మాటల్లో మాట్లాడుతూ సిబ్బందిని పిలవండి. ఒంటరిగా శాంతింపజేయవలసిన బాధ్యత విద్యార్థిగా మీది కాదు.