లైన్ ప్రింటర్‌లో నిలువుగా తెల్ల పట్టీ పడితే హామర్ బ్యాంక్ మొత్తం మార్చాల్సిందేనా?

హామర్ బ్యాంక్ (కాగితం మీద చుక్కలు కొట్టే చిన్న సుత్తుల వరస) మొత్తం మార్చాలంటూ మీకిచ్చిన ఎస్టిమేట్ మీద ఇప్పుడే సంతకం పెట్టకండి. మీరు చెప్పినవి రెండు వేరు వేరు సమస్యలు. లెడ్జర్‌లో ఒకేచోట తెల్ల పట్టీ రావడం ఒకటి, పేజీ పేజీకీ హెడ్డింగ్ జరిగిపోవడం ఇంకొకటి. రెండోదానికీ హామర్ బ్యాంక్‌కూ సంబంధమే లేదు.

నేను ఒక సహకార బ్యాంకు ఈడీపీ (కంప్యూటర్) సెక్షన్‌లో చాలా ఏళ్లు పనిచేశాను. మాదీ లైన్ మ్యాట్రిక్స్ మిషనే, అంటే చుక్కలతో అక్షరాలు కొట్టే లైన్ ప్రింటర్. ఒకరోజు కౌంటర్ క్లర్కు లెడ్జర్ పట్టుకుని వచ్చాడు. ఒక ఖాతాలో 850 ఉండాల్సిన చోట 350 పడింది. స్క్రీన్ మీద చూస్తే 850 బాగానే ఉంది. ప్రోగ్రామ్‌లో తప్పేమోనని పూటంతా టెన్షన్ పడ్డాం. తీరా కాగితం కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూస్తే అది 3 కాదు, ఎడమ సగం పడని 8! దాని ముందు రెండు అంకెల చోటు కూడా ఖాళీయే. చిన్న మొత్తాలకు అక్కడ ఎలాగూ ఏమీ ఉండదు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

ఈ మిషన్లలో హామర్లన్నీ వరసగా ఉంటాయి. షటిల్ అనే భాగం వాటిని అటూ ఇటూ ఊపుతుంటే ఒక్కో హామర్ తన వంతు చోటులో మాత్రమే చుక్కలు కొడుతుంది. మా దాంట్లో 132 కాలమ్‌లకు 49 హామర్లు. అంటే ఒక్కోదానికి మూడక్షరాల కంటే కాస్త తక్కువ. మీ పట్టీ కూడా అంతే వెడల్పుంటే మూలపడింది ఒక్క హామరే అనుకోవచ్చు.

ముందు డేటా కేబుల్ తీసేసి సెల్ఫ్ టెస్ట్ (ప్రింటర్ తనంతట తాను కొట్టే నమూనా) కొట్టండి. వరసంతా H గానీ E గానీ వచ్చే ప్యాటర్న్ ఎంచుకోండి. అందులోనూ పట్టీ అదే చోట ఉంటే లోపం మిషన్‌లోనే. మచ్చ ఒకచోట నిలవకుండా జరుగుతుంటే రిబ్బన్ మడత పడి ఉంటుంది. అక్షరాలన్నీ మసకగా ఉంటే కాగితం మందం లీవర్ చూడండి. మూడు కాపీల కాగితానికి జరిపి, మళ్లీ ఒంటి కాగితం పెట్టినప్పుడు వెనక్కి తేవడం మా ఆఫీసులో అందరూ మర్చిపోయేవాళ్లు.

పట్టీ కదలకపోతే స్విచ్ ఆపి, ప్లగ్ పీకి, అరగంట చల్లారనివ్వండి. హామర్లు బాగా కాలుతాయి. తర్వాత రిబ్బన్ తీసి, హామర్ల ముందుండే రేకు కన్నాల్లో టార్చ్ వేసి చూడండి. మాకు అక్కడ దొరికింది కాగితం అంచు కన్నం నుంచి ఊడిన చిన్న గుండ్రటి ముక్క, దాని చుట్టూ సిరాతో ముద్దకట్టిన నూగు. మెత్తటి బ్రష్‌తో, వ్యాక్యూమ్‌తో తీసేస్తే 8 మళ్లీ 8 అయింది. ఇనుప స్క్రూడ్రైవర్ మాత్రం దగ్గరకు తీసుకెళ్లకండి. లోపలి అయస్కాంతాలు చటుక్కున లాగేసుకుంటాయి, హామర్ కొన విరిగిందంటే ఆ ఖర్చు మీదే.

ఇక హెడ్డింగ్ సంగతి. ఎంత జరుగుతోందో స్కేలు పెట్టి కొలవండి. ప్రతి పేజీకీ సరిగ్గా అంగుళం పైకి పోతూ, పన్నెండు పేజీల తర్వాత మళ్లీ మొదటి చోటికి వస్తోందా? అయితే మీ కాగితం 12 అంగుళాలు, ప్రింటర్ సెట్టింగ్ 11. అంగుళానికి 6 లైన్ల లెక్కన 72 ఉండాల్సిన చోట 66 ఉంటుంది. ప్యానెల్‌లో ఫారం లెంగ్త్ (పేజీ పొడవు) మార్చి సేవ్ చేస్తే చాలు. సేవ్ చేయకపోతే కరెంటు పోయినప్పుడల్లా పాత లెక్కకు వెళ్లిపోతుంది.

ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ జరుగుతుంటే ట్రాక్టర్లు (అంచు కన్నాల్లో పళ్లు పెట్టి కాగితాన్ని లాగే భాగాలు) చూడాలి. కాగితం బిగుతుగా ఉంటే అంచు కన్నాలు సాగి కోలగా అవుతాయి, వదులుగా ఉంటే మధ్యలో ఉబ్బుతుంది. వానాకాలంలో గోడౌన్ నుంచి తెచ్చిన పెట్టెను ఒక రోజు ఏసీ గదిలో ఉంచాకే ఎక్కించండి.

శుభ్రం చేసినా పట్టీ పోకపోతే అప్పుడు ఇంజనీరును పిలవండి. సెల్ఫ్ టెస్ట్ కాగితం చేతికిచ్చి, పట్టీ ఎన్నో కాలమ్‌లో ఉందో చెప్పి, ఆ హామర్ ఉన్న ఒక్క మాడ్యూల్ (కొన్ని హామర్లు కలిసిన ముక్క) మారిస్తే సరిపోదా అని అడగండి. మాకు ఇంకోసారి నిజంగానే కాయిల్ పోయింది. అప్పుడూ హామర్ బ్యాంక్ మొత్తం మార్చాలనే మొదలుపెట్టారు. మాడ్యూల్ విడిగా దొరుకుతుందా అని అడిగాక, అది పట్టుకొచ్చి గంటలో బిగించి వెళ్లారు.